తిత్తి ఊదిన నేరం

ఇటలీలోని స్టెల్వియో కనుమను సైకిల్ మీద ఎక్కినవాళ్లందరూ ‘సొంత కాళ్లతో ఎక్కాం’ అని చెప్పుకుంటారు. నేనూ చెప్పుకున్నాను. మనస్సాక్షి నిద్రపోనివ్వడం లేదు కనుక నిజం ఒప్పుకుని శిక్షకు సిద్ధపడుతున్నాను.

చట్టం పాతదే. 1913లో టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ పందెంలో టూర్మలే కనుమ దిగుతుండగా యూజీన్ క్రిస్టోఫ్ అనే పోటీదారు సైకిల్ ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు విరిగింది. బండిని భుజానికెత్తుకుని పది కిలోమీటర్లకు పైగా నడిచి, కింద ఊళ్లోని కమ్మరి కొలిమి చేరాడు. పరుల సాయం నిషిద్ధం. తానే ఇనుము కాల్చి, తానే సుత్తితో కొట్టి, ఫోర్కు అతికించుకున్నాడు. చేతులు రెండే కావడంతో తిత్తి మాత్రం ఒక కుర్రాడు ఊదాడు. పక్కనే కాపలా కాస్తున్న అధికారులు ఆ గాలిని కూడా లెక్కగట్టి, అతని సమయానికి నిమిషాలు కలిపి జరిమానా వేశారు. న్యాయమంటే అదీ!

అదే తూకానికి నన్ను ఎక్కించండి. కనుమ కిందనున్న ప్రాటో ఊరి నుంచి పైదాకా దాదాపు 24 కిలోమీటర్లు, 1,800 మీటర్లకు పైగా ఎత్తు, 48 మలుపులు. ఆ మలుపులు నేను తవ్వినవి కావు. 1820-25 మధ్య ఆస్ట్రియా సామ్రాజ్యం కోసం కార్లో డోనెగాని అనే ఇంజినీరు వేయించాడు. గుర్రపు బండ్లకు ఇచ్చిన ఆ వెసులుబాటును, గుర్రాన్ని కాకపోయినా, నేను నిస్సిగ్గుగా వాడుకున్నాను.

రెండో ముద్దాయి వెనక చక్రం దగ్గరుంది. టూర్ ద ఫ్రాన్స్ పోటీదారులకు గేర్లు మార్చే డీరైలర్ 1937 దాకా దక్కలేదు. నేను మొదటి మలుపులోనే అన్నిటికంటే తేలిక గేరులోకి దిగిపోయాను. పదో మలుపులో ఇంకొకటి మిగిలి ఉందేమోనని మీట నొక్కాను. టక్కుమంది, చైను కదలలేదు. లేదని తెలిశాక కూడా ప్రతి మలుపులో నొక్కుతూనే ఉన్నాను, గుళ్లో గంట కొట్టినంత భక్తిగా.

మలుపుల పలకల మీద అంకెలు 48 నుంచి తగ్గుతూ వస్తాయి. 31 చూశాను. చాలాసేపటికి మళ్లీ 31 చూశాను. మొదట చూసింది 32 అయి ఉంటుందని గణితశాస్త్రం అంటుంది, నేను ఒప్పుకోను.

అసలు నేరం 7 అంకె ఉన్న పలక దగ్గర జరిగింది. ఎవరో పెద్దాయన నడిచి వెళుతూ, అవును, నడిచే, నన్ను అందుకుని వీపు మీద చెయ్యి వేసి నాలుగడుగులు నెట్టాడు. వద్దనడానికి ఊపిరి లేదు. వదిలేస్తాడేమోనన్న భయం మాత్రం ఉంది.

ఎంత జరిమానా వేసినా కడతాను. ఒక్క మనవి. 2,757 మీటర్ల ఎత్తున, గాలి పీడనం సముద్రమట్టంలో ఉండేదానికి ముప్పాతిక కూడా లేనిచోట, నా ఊపిరితిత్తులు రెండింటినీ నేనే ఊదుకున్నాను. కుర్రాళ్లెవరూ లేరు.