లేసు అల్లిన చేతికి ధరలో మాట ఉండాలి

ప్రపంచీకరణ అంటే 1991 ఆర్థిక సంస్కరణల తర్వాత వచ్చిపడిందనుకునేవాళ్లు మన గోదావరి జిల్లాల్లో చాలామందే ఉన్నారు. విదేశీ మోజుతో మన సంస్కృతి పాడైపోయిందని పెళ్లి భోజనాల దగ్గర కూడా వినబడుతూ ఉంటుంది. నేను ఒప్పుకోనండి. మనది అని గర్వంగా చెప్పుకునేవాటిలో కొన్ని ఓడల్లో దిగినవే.

17వ శతాబ్దంలోనే పాలకొల్లులో డచ్చివాళ్లు బట్టల వ్యాపారం చేశారు. నరసాపురం పక్కన మాధవాయపాలెంలో ఇంగ్లీషువాళ్ల కొట్టు ఉండేది. అక్కడి నూలు గుడ్డ ఆ ఊరి పేరుతోనే ఐరోపాలో అమ్ముడుపోయింది. యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్ల చేతిలో ఉంది. ఇక పులుసులో మిరపకాయ, పాయసంలో జీడిపప్పు అమెరికా ఖండం నుంచి వచ్చిన పంటలు. అవి రెండూ లేకుండా మన పెళ్లి వంట చేసి చూపించమనండి!

వీటన్నిటికన్నా నా మనసుకు దగ్గరైంది లేసు. మా ఇంట్లో అమ్మమ్మా అల్లింది, అమ్మా అల్లింది. 19వ శతాబ్దంలో ఐరోపా మిషనరీల నుంచి వచ్చిన పని అది. మొదట పేద క్రైస్తవ కుటుంబాల ఆడవాళ్లు నేర్చుకున్నారు, తర్వాత మిగతా కులాల ఇళ్లలోకీ వెళ్లింది. నేల మీద పీటేసుకుని అన్నం తినే ఇళ్లలో కూర్చుని, ఎక్కడో డైనింగ్ టేబుళ్ల మీద పరిచే గుడ్డలు అల్లారు. అవి ఏ ఇంటికి వెళ్తాయో వాళ్లకు తెలియదు. కానీ ఏ పువ్వుకు ఎన్ని గొలుసు కుట్లు వేయాలో మాట్లాడుకుంటూనే అల్లేసేవారు. 2024లో నరసాపురం లేసుకు జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ఊరి సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు, వచ్చింది. పరదేశం నుంచి వచ్చిన పని ఈ ఊరి సొంతమైపోయింది. సంతోషమే.

నాకు కడుపు మండేది కూలి దగ్గర. దారం వ్యాపారి ఇస్తాడు, డిజైన్ కొనేవాళ్లు చెబుతారు, రేటు పైవాళ్లే తేల్చుకుంటారు. అల్లే ఆవిడకు ముక్కకు ఇంత అని చేతిలో పెడతారు, మధ్యలో ఏజెంటు. వంట, పిల్లలు, పాడి అన్నీ చూసుకుని రాత్రి బల్బు కింద కళ్లు చిట్లించుకుని అల్లితే, అది తీరిక వేళ చేసుకునే పనట! వాళ్లకు తీరిక ఎక్కడిదండీ? అలా అంటున్నంత కాలం కూలి పెంచమని అడగడానికి ఆవిడకు నోరు రాదు. పైగా మెషీన్ లేసు చవగ్గా వస్తోందని బెదిరింపొకటి.

రొయ్యల కథా ఇంతే. లాటిన్ అమెరికా పసిఫిక్ తీరంలో పుట్టిన వనామీ రకం రొయ్య 2009 తర్వాత మన చెరువుల్లోకొచ్చి భీమవరం చుట్టుపక్కల ఇళ్లూ పెళ్లిళ్లూ మార్చేసింది. 2025 ఆగస్టులో మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరితే ఇక్కడ కౌంట్ రేట్లు, అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్కన కట్టే ధరలు, పడిపోయాయి. సుంకం కట్టాల్సింది అక్కడి దిగుమతిదారు. టెన్షన్ మాత్రం చెరువు కౌలుకు తీసుకున్న రైతుకు, షెడ్డులో రొయ్యల తలలు తీసే ఆడకూలీకి.

వ్యాపారం ఆపమని నేను అనను. అది లేకపోతే మా అమ్మ చేతికి ఆ విద్యే వచ్చేది కాదు. నేను అడిగేది ఒక్కటే. జీఐ పేరుతో అమ్మే ప్రతి ముక్క చీటీ మీద, అది అల్లినందుకు ఇచ్చిన కూలి ఎంతో రాయండి. రేటు మాట్లాడేటప్పుడు అల్లేవాళ్ల సంఘం నుంచి ఒకరిద్దరిని కూర్చోబెట్టండి. మన ఎగుమతిదారులే ముందు మొదలుపెట్టాలి. వాళ్లు పెట్టకపోతే, షాపులో లేసు కొనే ప్రతిసారీ అల్లినావిడకు ఎంత ఇచ్చారని మనమే అడుగుదాం.