వద్దనలేని వైద్యం

చర్మ సౌందర్య క్లినిక్‌లో అడుగుపెట్టిన మనిషిని చాలాచోట్ల మొదట చూసేది డాక్టరు కాదు, ‘కౌన్సెలర్’ అని ముద్దుపేరు తగిలించుకున్న అమ్మకాల ఉద్యోగి. మొహం మీద మచ్చ ఏమిటో, ఎందుకొచ్చిందో తేలకముందే ఆరు సిట్టింగుల ప్యాకేజీ ఖాయమైపోతుంది. ఈ రోజే కడితే రాయితీ అంటారు. కట్టేస్తారు. డాక్టరు వంతు ఆ తర్వాతే వస్తుంది. అప్పటికి ఆయన చేయగలిగింది సంతకం ఒక్కటే. డబ్బు పుచ్చుకున్నాక ‘మీకిది పనికిరాదు’ అనే డాక్టర్లు ఎంతమంది ఉంటారు?

క్లినిక్‌ల వాదన తెలిసిందే: వచ్చేవారు రోగులు కారు, తమకేం కావాలో తెలిసిన పెద్దవాళ్లు, ఖరీదైన యంత్రాలు కొన్నాక ఖాళీగా కూర్చోబెట్టలేం. యంత్రం వాయిదాలు యజమాని బాధ. వాటిని వచ్చినవారి చర్మం మీద తీర్చుకోవడం ఏం న్యాయం? పైగా రోగులు కానివారికి సూది గుచ్చుతున్నారెందుకు? కన్సెంట్ ఫారం మీద సంతకాలెందుకు? సూది పట్టుకునే హక్కు కావాల్సినప్పుడు ఇది వైద్యం, వద్దని చెప్పాల్సినప్పుడు మాత్రం దుకాణం. ఈ రెండు నాల్కల తీరునే ఈ పత్రిక తప్పుపడుతోంది.

మొదటి సంప్రదింపులో ఓ అరగంట కూర్చుని అడిగితే చాలా సంగతులు బయటపడతాయి. గర్భవతా, పాలిచ్చే తల్లా? దెబ్బ తగిలినచోట మచ్చ గడ్డకట్టి పెరిగే కీలాయిడ్ తత్వం ఉందా? పెదవి మీద తరచూ నీటిపొక్కులు వస్తాయా? వస్తే మూతి చుట్టూ, రసాయనంతో పైపొర లేపే పీల్‌కో లేజర్‌కో ముందే యాంటీవైరల్ మాత్రలు మొదలుపెట్టాలి, లేకుంటే పుండ్లు మొహమంతా పాకవచ్చు. కండరాలు నీరసించే మయస్థీనియా జబ్బు ఉంటే ముడతలు తగ్గించడానికి కండరాలను సడలించే బొటాక్స్ సూది మాటే ఎత్తకూడదు. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ వాడుతున్నారా? అది మానాక ఇలాంటి చికిత్సలకు ఆరు నెలలు ఆగాలన్న పాత నియమాన్ని 2017లో నిపుణులు కొంత సడలించారు. పైపై పీల్స్‌కు, లేజర్‌తో రోమాలు తీయడానికి అంతకాలం ఆగనక్కర్లేదన్నారు. మొహమంతా చెక్కే డెర్మాబ్రేషన్‌కు, చర్మం పొరను పూర్తిగా లేపేసే లేజర్లకు మాత్రం ఆ గడువు అలాగే ఉంది. ఈ తేడా కౌన్సెలర్‌కు ఎవరు చెప్పారు?

చర్మం రంగు సంగతీ అంతే. అమెరికా చర్మవైద్యుడు ఫిట్జ్‌పాట్రిక్ 1975లో మొదలుపెట్టిన చర్మం రంగుల వర్గీకరణలో ఇప్పుడు ఆరు రకాలున్నాయి. నాలుగు, ఐదు రకాల చామనఛాయ చర్మం మీద 755 నానోమీటర్ల అలెగ్జాండ్రైట్ లేజర్‌ను తెల్లతోలుకు పెట్టిన సెట్టింగులతోనే కొడితే, ఆ కాంతి రోమం కుదురుకు చేరకముందే పైపొరలోని మెలనిన్ అనే రంగుపదార్థం దాన్ని పీల్చేస్తుంది. వాత తేలుతుంది, నల్లమచ్చ నెలల తరబడి ఉండిపోతుంది. ఇలాంటి చర్మానికి 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ లేజర్ మేలు. అదీ దవడ కింద చిన్నచోట కొట్టి చూసి, కొన్ని వారాలు ఆగాకే. ఎండకు కమిలి వచ్చినవారిని నెల రోజులైనా ఆపాలి. గడ్డం మీద రోమాలతో వచ్చిన అమ్మాయికి నెలసరి సరిగా వస్తోందా అని అడగకుండా లేజర్ ఎక్కించడం ఇంకో ఘనకార్యం. హార్మోన్లు గాడితప్పే పీసీఓఎస్‌ను వదిలేసి రోమాలను కాలిస్తే అవి మళ్లీ వస్తాయి, ప్యాకేజీ కూడా మళ్లీ వస్తుంది. గోధుమరంగు మచ్చను చర్మాన్ని పెద్దదిగా చూపే డెర్మాస్కోప్‌తో చూడకుండా లేజర్‌తో చెరిపేస్తే, అది మెలనోమా అనే చర్మ క్యాన్సర్ అయినప్పుడు కనిపించే గుర్తు పోయి క్యాన్సర్ లోపల మిగులుతుంది.

అన్నిటికన్నా మమ్మల్ని కలవరపెడుతున్నది మరొకటి. తమ రూపంలో లేని లోపాన్నో, పట్టించుకోనక్కర్లేనంత చిన్న లోపాన్నో తలచుకుని కుమిలిపోయే మానసిక జబ్బు బాడీ డిస్మార్ఫిక్ డిజార్డర్ మామూలు జనంలో నూటికి ఇద్దరిలో ఉంటే, సౌందర్య చికిత్సకు వచ్చేవారిలో నూటికి దాదాపు పది మందిలో కనిపిస్తుంది. ఎదురుగా కూర్చున్న డాక్టరుకు కనబడని లోపాన్ని వారు అద్దం పట్టుకుని చూపిస్తారు. ఇదివరకు నాలుగుచోట్ల చేయించుకున్నామని, అందరూ పాడుచేశారని చెబుతారు. దాని గురించి రోజుకు ఎంతసేపు ఆలోచిస్తారు, దానివల్ల ఏయే పనులు మానుకున్నారు అని రెండు ప్రశ్నలు వేస్తే అయిదు నిమిషాల్లో అనుమానం తగులుతుంది. ముక్కు సరిచేస్తే వారి బాధ గడ్డానికి మారుతుందే తప్ప తీరదు. ఆత్మహత్య ఆలోచనలు వీరిలో ఎక్కువ. వీరిని పంపాల్సింది మానసిక వైద్యుడి దగ్గరికి. ఆలోచనల తీరు మార్చే మాటల చికిత్స సీబీటీ, కుంగుబాటుకు వాడే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ మందులు పనిచేస్తాయి. అమ్మకాల బల్ల దగ్గర మాత్రం వీరే బంగారు ఖాతాదారులు, ఎంత చేసినా మళ్లీ వస్తారు కనుక. జబ్బును ఆదాయంగా లెక్కగట్టే చోటును క్లినిక్ అని ఎలా అనాలి?

వద్దనడం రానివారికి, వికటించినప్పుడు ఆదుకోవడమూ రాదు. చర్మం కింద నింపే హయలురోనిక్ ఆమ్లం ఫిల్లర్ రక్తనాళంలోకి పోతే చర్మం పాలిపోతుంది, వలలాంటి నీలిచారలు లేస్తాయి, నొప్పి పుడుతుంది. ముక్కు మీద, కనుబొమల మధ్య అయితే చూపే పోవచ్చు. ఆ ఫిల్లర్‌ను కరిగించే హయలురోనిడేజ్ చేతికందే దూరంలో ఉండాలి, గంట గంటకూ పెద్ద మోతాదులో ఇవ్వడం తెలిసిన డాక్టరు అదే భవనంలో ఉండాలి. ‘ఐస్ పెట్టుకుని రేపు రండి’ అని ఫోన్లో చెప్పే రిసెప్షనిస్టు ఉంటే సరిపోదు. మొద్దుబారే క్రీమును ఇంటి దగ్గరే ఒళ్లంతా పూసుకుని ప్లాస్టిక్ చుట్టుకుని రమ్మనే అలవాటు ఇంకా కొన్నిచోట్ల పోలేదు. లేజర్‌కు ముందు అలా చేసిన యువతులు ప్రాణాలు కోల్పోయారనే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2007లో హెచ్చరించింది. అమెరికాలోని న్యూ మెక్సికోలో, మనిషి రక్తం నుంచి తీసిన ద్రవాన్నే మొహంలోకి సూదులతో ఎక్కించే ‘వాంపైర్ ఫేషియల్’ వల్ల హెచ్‌ఐవీ సోకిన వైనాన్ని 2024లో అక్కడి ఆరోగ్య సంస్థ సీడీసీ బయటపెట్టింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టంటే ఇదే.

సరిదిద్దుకోవడం బ్రహ్మవిద్యేమీ కాదు. డాక్టరు చూడకముందు కన్సల్టేషన్ ఫీజు తప్ప పైసా పుచ్చుకోకూడదు. చూసిన రోజే సూది వేయకుండా, ఆలోచించుకోవడానికి కొన్ని రోజుల గడువివ్వాలి. ప్యాకేజీ ఎత్తేసి సిట్టింగుకు సిట్టింగే బిల్లు వేయాలి. అమ్మినదాన్ని బట్టి కమీషన్ ఇచ్చే పద్ధతి పోవాలి, డాక్టరుకైనా సరే. ఏ మందు, ఏ బ్యాచ్, ఎంత పలచన చేశారు, ఎక్కడ ఎన్ని యూనిట్లు అన్నది కేసుషీటులో ఉండాలి. బొటాక్స్ పూర్తిగా పనిచేయడానికి రెండు వారాలు పడుతుంది. నాలుగో రోజున ‘ఏం తేడా లేదు’ అంటూ వచ్చినవారికి ఇంకో నాలుగు యూనిట్లు వేసి పంపేసి, తర్వాత రెప్ప వాలితే బుకాయించకూడదు. ఫొటోలు ముందూ తర్వాతా ఒకే వెలుతురులో తీయాలి, ప్రచారానికి వాడాలంటే విడిగా అనుమతి తీసుకోవాలి.

డాక్టర్లూ, ఇవన్నీ మీకు తెలుసు. చదువుకునే వచ్చారు. మీ క్లినిక్‌లో ఎన్ని సిట్టింగులు అమ్ముడయ్యాయో సాయంత్రానికల్లా లెక్క తేలుతుంది కదా, పనికిరాదని తిప్పి పంపినవారి లెక్క ఏ రిజిస్టరులో రాస్తున్నారు? కిందటి నెల అలా ఎంతమందిని పంపారు? ఒక్కరినీ పంపకపోతే, బోర్డు మీద పేరు ముందున్న ‘డాక్టర్’ను చెరిపేయండి.