కామిక్ చదవలేదు, అయితే ఏంటట?

సూపర్‌హీరో సినిమా నచ్చలేదని ఎక్కడైనా అన్నామా, ఎవడో ఒకడు రెడీగా ఉంటాడు. "బ్రో, నువ్వు కామిక్స్ చదవలేదు కదా, అందుకే నీకు ఎక్కలేదు." ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. నేను టికెట్ కొన్నది సినిమాకి. లోపలికి పంపేటప్పుడు ఏం చదువుకుని వచ్చావని ఎవరూ అడగలేదు. బయటికొచ్చాక మాత్రం సిలబస్ పూర్తి చెయ్యలేదని నా మీద పడతారేంటి?

అసలు మనలో ఎంతమందికి ఆ కామిక్స్ దొరికాయి? మా ఊరి బస్టాండ్ షాపులో చందమామ, బాలమిత్ర వేలాడేవి. అమెరికా కామిక్స్ సంగతి సిటీలో పెద్ద షాపులవాళ్లకే తెలియాలి. స్పైడర్‌మ్యాన్ నాకు టీవీ కార్టూన్లో పరిచయం, తర్వాత 2002లో సామ్ రైమీ సినిమాతో దగ్గరయ్యాడు. 2018లో అవెంజర్స్ సినిమా ఇన్ఫినిటీ వార్ తెలుగులో చూసినవాళ్లకి అందులో విలన్ థానోస్ అంటే రానా గొంతే. ఆ గొంతు విని భయపడ్డవాళ్లంతా ముందే కామిక్ తిరగేసి వచ్చారా?

పైగా కామిక్ చదవమంటున్నారు, ఏది చదవాలి? బ్యాట్‌మ్యాన్ 1939 నుంచి వస్తున్నాడు. ఇన్నేళ్లలో ఎందరో రాశారు, ఎందరో బొమ్మలు గీశారు, ఒకరు చెప్పింది ఇంకొకరు కొట్టేశారు. అతని విలన్ జోకర్ ఎలా జోకర్ అయ్యాడంటే కామిక్స్‌లోనే ఒక్క జవాబు లేదు. థానోస్ సంగతి చూడండి. 1991లో వచ్చిన ఇన్ఫినిటీ గాంట్లెట్ కథలో మృత్యువు ఒక స్త్రీ రూపంలో ఉంటుంది. ఆమె మెప్పు కోసం వాడు చిటికేసి సగం జీవుల్ని మాయం చేస్తాడు. సినిమాలో ఆ ప్రేమ గోల తీసేసి, తిండీ వనరులూ అందరికీ చాలవు కాబట్టి సగం మంది పోవాలనే పిచ్చి లెక్క పెట్టారు. నన్నడిగితే సినిమా థానోసే ఎక్కువ భయపెడతాడు, ఎందుకంటే తను మంచి చేస్తున్నానని వాడు నిజంగా నమ్ముతాడు. కామిక్ చదివినవాళ్లు ఒప్పుకోకపోవచ్చు. ఒప్పుకోకపోతే పోనీ, వాదించుకుందాం. కానీ చదవలేదు కాబట్టి మాట్లాడకు అంటే కుదరదు.

2016లో వచ్చిన బ్యాట్‌మ్యాన్ వర్సెస్ సూపర్‌మ్యాన్ గుర్తుందా? మధ్యలో ఉన్నట్టుండి ఎడారి. బ్యాట్‌మ్యాన్ కోటేసుకుని తిరుగుతుంటాడు, ఇసుకలో ఏదో పెద్ద గుర్తు, ఆకాశంలోంచి రెక్కల పురుగుల్లాంటి సైన్యం దిగుతుంది. అది కల అట. లేచేలోపే వెలుగులోంచి ఎవడో తల బయటపెట్టి, సూపర్‌మ్యాన్ ప్రియురాలు లోయిస్ లేనే కీలకమని అరిచి, మరీ ముందుగా వచ్చేశానా అని గింజుకుని మాయమైపోతాడు. బ్రూస్ వేన్, అదే మన బ్యాట్‌మ్యాన్, మళ్లీ ఉలిక్కిపడి లేస్తాడు. అయిపోయింది! ఆ వచ్చినవాడెవడో, ఎక్కడినుంచి వచ్చాడో, ఎందుకొచ్చాడో సినిమా అయ్యేదాకా ఇంకెవరూ ఎత్తరు. ఇంటర్నెట్‌లో వెతికితే తెలిసింది, అతను ఫ్లాష్ అనే ఇంకో సూపర్‌హీరో అట, ఆ గుర్తు డార్క్‌సైడ్ అనే విలన్‌దట, పురుగులు వాడి సైన్యం పారాడీమన్లట. తెలిసినవాడికి పూనకం వచ్చి ఉండొచ్చు, కాదనను. తెలియనివాడికి మాత్రం రీళ్లు తారుమారయ్యాయేమో అనిపిస్తుంది. దీనికి "కామిక్స్‌లో ఉంది కదా" అనేది జవాబు కాదు. సినిమా చెప్పాల్సింది చెప్పకుండా వదిలేసిందనడానికి అదే సాక్ష్యం.

సరే, ఇప్పుడు దీనికి రివర్స్. ఇన్ఫినిటీ వార్ తర్వాతి భాగం ఎండ్‌గేమ్‌లో, అర్హత ఉన్నవాడికి తప్ప ఎవరికీ లేవని థోర్ సుత్తి ఎగిరొచ్చి కెప్టెన్ అమెరికా చేతిలో పడినప్పుడు హాల్లో చెవులు చిల్లులు పడ్డాయి. కామిక్స్‌లో ఆయన ఆ సుత్తి ఎత్తింది 1988లో. మనకది తెలుసా? తెలియదు. అయినా ఎందుకు అరిచాం? 2015లో ఏజ్ ఆఫ్ అల్ట్రాన్‌లో ఒక పార్టీ సీన్ ఉంది. అందరూ సరదాగా ఆ సుత్తి లేపబోయి ఓడిపోతారు. స్టీవ్, అంటే కెప్టెన్ అమెరికా, పట్టుకున్నప్పుడు మాత్రం అది కొంచెం, కొంచెమే, కదులుతుంది. థోర్ ముఖంలో నవ్వు పోతుంది, మళ్లీ వెంటనే తేలిగ్గా నవ్వేస్తాడు. నాలుగేళ్ల తర్వాత ఎండ్‌గేమ్‌లో అదే థోర్ "నాకు తెలుసు!" అని కేక పెడతాడు. అంటే విత్తనం సినిమావాళ్లే వేశారు, పంట సినిమాలోనే కోశారు. కామిక్ చదివినవాడూ, నాలాంటివాడూ పక్కపక్క సీట్లలో ఒకేసారి ఈల వేశారు. నేను అడిగేది ఇదే, ఇంతకంటే ఏమీ లేదు.

2014 నాటి గార్డియన్స్ ఆఫ్ ది గెలాక్సీ అయితే ఇంకా మొండి ధైర్యం. మాట్లాడే రకూన్, మూడు పదాలు తప్ప రాని చెట్టు! ఆ గ్రూట్ 1960లో మొదటిసారి కనిపించినప్పుడు భూమ్మీదకొచ్చిన రాక్షసుడు. అమెరికాలో కూడా మామూలు జనానికి ఈ టీమ్ ఎవరో తెలియదు. ఎవరికీ తెలియదు కాబట్టే అందరికీ మొదటినుంచీ ఓపిగ్గా చెప్పారు, జనం ఆ చెట్టు కోసం ఏడ్చారు కూడా.

మనకిది కొత్తా? వ్యాసభారతం చదివాకే 1957లో మాయాబజార్‌కి వెళ్లాలని ఎవరైనా రూల్ పెట్టారా? ఆ శశిరేఖ అసలు వ్యాసభారతంలోనే లేదు.

అలాగని కామిక్స్‌ని చిన్నచూపు చూడట్లేదు. వాచ్‌మెన్ సినిమా (2009) చూశాక, 1986-87లో 12 సంచికలుగా వచ్చిన ఆ కామిక్ తెప్పించుకుని చదివాను. చివర్లో న్యూయార్క్ మీద పడే ఆక్టోపస్ లాంటి జీవిని సినిమాలో తీసేసి, విధ్వంసం నేరం ఆ కథలోని మానవాతీత హీరో డాక్టర్ మన్‌హాటన్ మీద వేశారని ఫ్యాన్స్ ఇప్పటికీ తిట్టుకుంటారు. చదవకముందు నాకు ఆ ముగింపులో లోటేమీ కనిపించలేదు, చదివాక కూడా సినిమాకి అదే నయం అనిపించింది. రచయిత అలన్ మూర్ మాత్రం ఆ సినిమా మీద తన పేరే వద్దన్నాడు. కారణం కొంత అర్థమైంది. మన్‌హాటన్‌కి గతం, ఇప్పుడు, రేపు అన్నీ ఒకేసారి జరుగుతుంటాయి. ఆ చాప్టర్ చదువుతూ నేను పేజీలు వెనక్కీ ముందుకీ తిప్పుతూనే ఉన్నాను. థియేటర్లో ఆ వీలు ఎక్కడిది? అది కామిక్ చేయగలిగే పని, దాని సుఖం దానిదే. సినిమా నాకు అర్థం కావడానికి అది చదవాలి అనడం వేరు.

ఇప్పుడు నా అసలు బాధ వేరే ఉంది. ఎండ్‌గేమ్, గార్డియన్స్ తీసి కామిక్స్ తెలియనివాళ్లని కూడా పక్కన కూర్చోబెట్టుకున్న మార్వెల్ వాళ్లే మళ్లీ హోంవర్క్ మొదలుపెట్టారు. 2022 డాక్టర్ స్ట్రేంజ్‌లో మంత్రశక్తులున్న వాండా తన పిల్లల కోసం ఎందుకంత ఉన్మాదంగా ఉందో సరిగ్గా తెలియాలంటే వాండావిజన్ అనే ఓటీటీ సిరీస్ తొమ్మిది ఎపిసోడ్లు చూసి ఉండాలి. 2023 ది మార్వెల్స్‌లో ముగ్గురు హీరోయిన్లుంటే, ఇద్దరి సంగతి ముందే ఓటీటీ సిరీసుల్లో చెప్పేశారు. మా నాన్న వాండావిజన్ చూడరు, ఆయనకి చూపించే ఓపిక నాకూ లేదు. ఇంతకుముందు కామిక్ చదవనివాడు, ఇప్పుడు సబ్‌స్క్రిప్షన్ లేనివాడు. మార్వెల్ స్టూడియోస్ సినిమాలన్నిట్లోకీ తక్కువ వసూలు చేసింది ఆ ది మార్వెల్సే. దానికి కారణాలు ఇంకా ఉంటాయి లెండి, కానీ ఈ హోంవర్క్ కూడా అందులో ఒకటని నా గట్టి నమ్మకం. కామెంట్లలో "బ్రో, సిరీస్ చూడలేదా" అని మాత్రం రాయకండి, ప్లీజ్.