ముందు కర్చీఫ్, తర్వాత కథ

పుట్టుకతోనే వింత శక్తులున్న మ్యూటెంట్ల జట్టు ఎక్స్-మెన్. వాళ్ల కథని మార్వెల్ కొత్త నటులతో మళ్లీ తీయబోతోంది. ఆ సినిమా గురించి ఎక్కడ మాట మొదలైనా రెండో నిమిషానికల్లా అదే ప్రశ్న వస్తుంది: హ్యూ జాక్‌మన్ లేకుండా పంజా గోళ్ల వుల్వరిన్ ఏంటి, ప్యాట్రిక్ స్టూవర్ట్ కాని జట్టు గురువు ప్రొఫెసర్ జేవియర్‌ని ఎవరు ఒప్పుకుంటారు అని. ఇది అసలు బెంగ పడాల్సిన విషయమే కాదు. పద్యనాటకాలు చూసిన జనం మనం. ఒకే రాత్రి, ఒకే నాటకంలో రాయబారం దాకా ఒక కృష్ణుడు, ఆ తర్వాత ఇంకో కృష్ణుడు దిగితే ఎవరూ తెర దించమనలేదు. పద్యం బాగుంటే రెండో కృష్ణుడికీ వన్స్ మోర్ పడింది. వేషం ఎవరిదన్నది కాదు, వచ్చినవాడికి పాడటానికి మంచి పద్యం ఇచ్చారా లేదా అన్నదే లెక్క.

ఆ మాటకొస్తే జాక్‌మన్ కూడా మొదట్లో మారి వచ్చినవాడే. 2000 నాటి తొలి సినిమాకి ముందు అనుకున్నది డగ్రే స్కాట్‌ని. 'మిషన్ ఇంపాజిబుల్ 2' షూటింగ్ సాగిపోయి ఆయన డేట్లు కుదరలేదు. టొరంటోలో ఎక్స్-మెన్ షూటింగ్ మొదలయ్యాక జాక్‌మన్ వచ్చి చేరాడు. కామిక్స్‌లో వుల్వరిన్ 5 అడుగుల 3 అంగుళాల పొట్టి మనిషి, ఈయనేమో 6 అడుగులు దాటినవాడు. అయినా ఇవాళ ఆయన తప్ప ఇంకెవరూ కళ్లముందు కదలడం లేదు. రేపు వచ్చేవాడికీ అలాగే జరగొచ్చు.

నా అనుమానం వేరే చోట ఉంది. మన ఇండస్ట్రీలో సంక్రాంతికి కర్చీఫ్ వేయడం అంటారు చూడండి, కథ ఖాయం కాకముందే, ఒక్కోసారి హీరోయిన్ కూడా ఖాయం కాకముందే డేట్ ప్రకటించేయడం. హాలీవుడ్ సూపర్‌హీరో రీబూట్లలో, అంటే పాత సిరీస్‌ని మొదటినుంచి మళ్లీ తీసే సినిమాల్లో, చాలావాటిని ముంచింది ఆ కర్చీఫే.

అందులో పాత రకం, హక్కుల కర్చీఫ్. మార్వెల్ ఒకప్పుడు తన పాత్రలను వేరే కంపెనీలకి ఇచ్చింది, అదీ కౌలు పద్ధతిలో: ఫలానా గడువులోగా సినిమా మొదలుపెట్టకపోతే హక్కులు వెనక్కి పోతాయి. 'ఫెంటాస్టిక్ ఫోర్' హక్కులు 1986లో జర్మనీకి చెందిన కాన్‌స్టాంటిన్ ఫిల్మ్ చేతికి వచ్చాయి. గడువు 1992 డిసెంబర్ ఆఖరు. సుమారు పది లక్షల డాలర్ల బడ్జెట్‌తో, రోజర్ కార్మన్ నిర్మాణంలో, 1992 డిసెంబర్ 28న షూటింగ్ మొదలుపెట్టారు. సినిమా పూర్తయింది కానీ అధికారికంగా ఏనాడూ విడుదల కాలేదు. హక్కులు మాత్రం నిలిచాయి.

స్పైడర్‌మ్యాన్ సంగతి ఇంకా స్పష్టంగా ఉంటుంది. 2014లో ఆ హక్కులున్న సోనీ కంప్యూటర్లు హ్యాక్ అయినప్పుడు ఒప్పందం షరతులు బయటపడ్డాయి: ముందు సినిమా విడుదలైన 3 ఏళ్ల 9 నెలల్లోపు తర్వాతి సినిమా పని మొదలవ్వాలి, 5 ఏళ్ల 9 నెలల్లోపు విడుదలవ్వాలి. మూడో స్పైడర్‌మ్యాన్ 2007 మే 4న వచ్చింది. సామ్ రైమీతో అనుకున్న నాలుగోది 2010 జనవరిలో ఆగిపోయింది. 2012 జూలై 3న కొత్త నటుడితో 'ది అమేజింగ్ స్పైడర్‌మ్యాన్' దిగింది. అంటే 5 ఏళ్ల 2 నెలలు. పదేళ్ల కిందటే చూసిన సాలీడు కాటు, బాబాయి చావు మళ్లీ ఎందుకు చూపించారని అప్పట్లో చాలామంది తల పట్టుకున్నారు. క్యాలెండర్ చూస్తే ఆ తొందర అర్థమవుతుంది. అదే 2016లో ఇంకో కొత్త స్పైడర్‌మ్యాన్‌గా టామ్ హాలండ్ వచ్చినప్పుడు 'సివిల్ వార్'లో సాలీడూ లేదు, బాబాయీ లేడు. క్వీన్స్‌లో ఒక అపార్ట్‌మెంట్, ఒక కుర్రాడు, ఇంటికొచ్చిన టోనీ స్టార్క్ (ఐరన్ మ్యాన్), అంతే. ఎవరికీ ఏ లోటూ అనిపించలేదు.

ఎక్స్-మెన్‌కి ఇప్పుడు ఆ కౌలు బాధ లేదు. 2019 మార్చి 20న మార్వెల్ యజమాని డిస్నీ, అప్పటిదాకా ఎక్స్-మెన్ సినిమాలు తీసిన ఫాక్స్‌ని 71.3 బిలియన్ డాలర్ల ఒప్పందంతో కలుపుకోవడంతో మ్యూటెంట్లు సొంతింటికి వచ్చేశారు. రేపే తీయాలని తరిమేవాళ్లు లేరు. ఫ్యాన్స్‌కి ఇంతకంటే పెద్ద ఆశ ఏం కావాలి?

కానీ రెండో రకం కర్చీఫ్ ఉంది, రిలీజ్ డేట్ కర్చీఫ్. దాని దెబ్బ ఎలా ఉంటుందో 2006 నాటి మూడో ఎక్స్-మెన్ సినిమా 'ది లాస్ట్ స్టాండ్' చూస్తే తెలుస్తుంది. మొదటి రెండు సినిమాలు తీసిన బ్రయన్ సింగర్ 'సూపర్‌మ్యాన్ రిటర్న్స్' కోసం వెళ్లిపోయాడు. ఆయన స్థానంలో వచ్చిన మాథ్యూ వాన్ షూటింగ్‌కి కొన్ని వారాల ముందు తప్పుకున్నాడు. 2005 జూన్‌లో బ్రెట్ రాట్నర్ చేరాడు. డేట్ మాత్రం 2006 మే 26 నుంచి కదల్లేదు. దర్శకుడు చేరిన ఏడాది తిరక్కుండా సినిమా థియేటర్లో ఉండాలన్నమాట. సైక్లాప్స్‌గా వేసిన జేమ్స్ మార్స్‌డెన్ కూడా ఆ సూపర్‌మ్యాన్‌లో ఉన్నాడు. ఎక్స్-మెన్ జట్టు నాయకుడిని కథ మొదట్లోనే, తెర మీద కూడా చూపించకుండా చంపేశారు.

అక్కడితో అయిపోలేదు. 104 నిమిషాల సినిమాలో రెండు పెద్ద కథలు కుక్కారు. ఒకటి 2004 కామిక్స్ నుంచి తీసుకున్న మందు కథ, మ్యూటెంట్ శక్తిని పోగొట్టే ఇంజెక్షన్ వస్తే ఎవరు వేయించుకుంటారు అనేది. అదొక్కటే సినిమాకి సరిపోతుంది. రెండోది డార్క్ ఫీనిక్స్, అంతులేని శక్తి ఆవహించి జట్టులోని జీన్ గ్రే అదుపు తప్పే కథ. (ఆ మందు కనిపెట్టిన శాస్త్రవేత్త పేరు కామిక్స్‌లోనూ సినిమాలోనూ డాక్టర్ కవితా రావు. సినిమాలో ఆ వేషం వేసింది ఇరాన్‌లో పుట్టిన నటి షొహ్రే అగ్దాష్లూ. ఆమె మంచి నటి, అందులో సందేహం లేదు. కొత్త సినిమాలో మనవాళ్లకో పాత్ర ఉండాలని కోరుకునేవాళ్లు మాత్రం ఈ సంగతి గుర్తుంచుకోవాలి. పేరు మనదైతే పాత్ర మనదైపోదు.)

ఫీనిక్స్ కథ సినిమాలో ఎందుకు నిలబడదో కొంచెం లెక్క వేసి చూడొచ్చు. కామిక్స్‌లో జీన్ గ్రే 1976లో 101వ సంచికలో ఫీనిక్స్ అయింది. 1980లో 137వ సంచికలో చనిపోయింది. మధ్యలో నాలుగేళ్ల పాటు పాఠకులు ఆమెని స్నేహితురాలిగా, ప్రేమికురాలిగా, జట్టులో అందరికంటే బలమైన మనిషిగా చూశారు. అందుకే ఆ చావు తగిలింది. 2006లో ఒకసారి సగం సినిమాలో చెప్పి చెడగొట్టారు. 2019లో 'డార్క్ ఫీనిక్స్' పేరుతో మళ్లీ అదే కథ, అదే రచయిత సైమన్ కిన్‌బర్గ్, ఈసారి దర్శకత్వం కూడా ఆయనదే. అందులో జీన్‌గా వేసిన సోఫీ టర్నర్‌ని ప్రేక్షకులు అంతకుముందు ఒకే ఒక్క సినిమాలో, పదిమందిలో ఒకరిగా చూశారు. క్లైమాక్స్ మొత్తం మళ్లీ తీసి రైల్లోకి మార్చారు. 200 మిలియన్ల బడ్జెట్‌కి ప్రపంచమంతా కలిపి 252 మిలియన్ డాలర్లు వచ్చాయి. థియేటర్ల వాటా పోగా చూస్తే అది నష్టమే. కొత్త సిరీస్‌లో మూడో సినిమాకి ముందు ఎవరైనా ఫీనిక్స్ పేరెత్తితే ఆ సిరీస్ మీద నేను ఆశ వదులుకుంటాను.

ఇదంతా చెప్పాక ఒక చిక్కు ఒప్పుకోవాలి. 2011 నాటి ఎక్స్-మెన్ సినిమా 'ఫస్ట్ క్లాస్' కూడా తొందర్లో తీసిందే. మాథ్యూ వాన్ 2010 మేలో చేరాడు, 2011 జూన్ 3న సినిమా విడుదలైంది. అయినా బాగుంది. ఇద్దరు స్నేహితులు (కుర్ర జేవియర్, కుర్ర మ్యాగ్నెటో), ఒకే ఏడాది 1962, ఒకే సంక్షోభం, క్యూబా క్షిపణులు. చెప్పాల్సింది తక్కువ కాబట్టి తక్కువ సమయం సరిపోయింది. గడువు ఒక్కటే సినిమాని చంపదు. గడువుకి తోడు కథల మూట కూడా నెత్తిన పెడితేనే నడుం విరుగుతుంది. అవెంజర్స్ సినిమా 'సీక్రెట్ వార్స్' తర్వాతే కొత్త నటులతో ఎక్స్-మెన్ వస్తుందని మార్వెల్ స్టూడియోస్ అధినేత కెవిన్ ఫైగీ 2025 జూలైలో చెప్పారు. ఆ సినిమాకి వేసిన డేట్ 2027 డిసెంబర్ 17. దానికంటే ముందు 2026 డిసెంబర్ 18కి ప్రకటించిన ఇంకో అవెంజర్స్ సినిమా 'డూమ్స్‌డే'లో స్టూవర్ట్, పాత మ్యాగ్నెటో ఇయన్ మెకెల్లెన్, మార్స్‌డెన్ అందరూ ఉన్నారు. ఆ రెండు మహాయుద్ధాలు మిగిల్చిన ముళ్లు విప్పే పని కొత్త సినిమా నెత్తిన పడితే మళ్లీ మూటే.

ఇక లోహాన్ని ఆడించే విలన్, జేవియర్ పాత స్నేహితుడు మ్యాగ్నెటో వయసు. రీబూట్ రాసేవాళ్లకి అన్నిటికంటే గట్టి సమస్య ఇదేనని నా నమ్మకం. 2000 సినిమా మొదలయ్యేదే 1944 పోలండ్‌లో, నాజీ శిబిరం గేటు దగ్గర. తల్లిదండ్రుల నుంచి విడదీస్తుంటే ఒక యూదు పిల్లాడు చెయ్యి చాస్తాడు, ఇనుప గేటు వంగుతుంది. 'ఫస్ట్ క్లాస్' అదే సన్నివేశాన్ని మళ్లీ తీసింది. అది తీసేస్తే మ్యాగ్నెటో ఇంకో విలన్ మాత్రమే. ఆ పిల్లాడికి అప్పటికి 12 ఏళ్లనుకున్నా 2028 నాటికి 96. ఫాక్స్ వాళ్లు ఈ లెక్కే వదిలేశారు. కథని 1962, 1973, 1983, 1992 అంటూ పదేళ్లకోసారి దూకించారు, నటులు మాత్రం వాళ్లే. 1992లో 60 ఏళ్లుండాల్సిన మ్యాగ్నెటో, నలభై ఏళ్ల మైకేల్ ఫాస్‌బెండర్‌లాగే కనిపిస్తాడు. తొలి సినిమా కథ ఆ తర్వాత కొన్నేళ్లకే కదా, అక్కడికొచ్చేసరికి ఇయన్ మెకెల్లెన్ అయిపోతాడు!

దారులు మూడు కనిపిస్తున్నాయి. సినిమా మొత్తాన్ని 1960ల్లో పెట్టడం ఒకటి. ఆ ముచ్చట 2025 'ఫెంటాస్టిక్ ఫోర్' తీర్చేసుకుంది. హోలోకాస్ట్ బదులు ఇంకో ఊచకోతని పెట్టడం రెండోది. అలా మార్చితే అర్ధశతాబ్దంగా పాఠకుల మనసులో ఉన్న మనిషి పోతాడు, పైగా ఏ జాతి గాయాన్ని పెట్టినా అది కథకి ముడిసరుకు అయిపోయే ప్రమాదం. మూడోది కామిక్స్ ఎప్పుడో చేసిన పని. 1970ల్లో మ్యాగ్నెటోని పసిబిడ్డగా మార్చి, తర్వాత నడివయసుకి తెచ్చారు. నేనైతే ఈ మూడోదే ఎంచుకుంటాను. "నా వయసు నీకు కనిపించేది కాదు" అన్న ఒక్క డైలాగ్‌తో సర్ది, ఆ వివరం తర్వాతెప్పుడో చెప్పుకోవచ్చు. జనం ఇలాంటివి ఒప్పుకుంటారు, ఒకసారి చెప్పి వదిలేస్తే. సైన్సు పేరుతో పది నిమిషాలు వివరిస్తేనే అనుమానం పుడుతుంది.

వుల్వరిన్ విషయంలో నా మాట చాలామందికి రుచించదు: మొదటి సినిమాలో అతను వద్దు. ఫాక్స్ కాలంలో జట్టు కథ కాస్తా హీరో సినిమా అయిపోయింది. 1981 నాటి 'డేస్ ఆఫ్ ఫ్యూచర్ పాస్ట్' కామిక్స్‌లో గతంలోకి వెళ్లేది కిట్టీ ప్రైడ్ అనే కుర్రపిల్ల. 2014 సినిమాలో 1973కి వెళ్లాలి, ఆమె అప్పటికి పుట్టదు కాబట్టి వుల్వరిన్‌ని పంపామన్నారు. కారణం సరిగ్గానే ఉంది. ఏ కారణం వెతికినా చివరికి ఫ్రేము మధ్యలో నిలబడేది ఆయనే కావడం నన్ను ఇబ్బంది పెడుతుంది. ఈ జబ్బు మనకి కొత్త కాదు, వివరించక్కర్లేదు.

ఆశ పెట్టుకోవాల్సింది బడి మీద. జేవియర్ నడిపేది నిజంగా స్కూలు. పాఠాలు, హాస్టలు, పరీక్షలు, మధ్యలో పైకప్పు ఎగిరిపోవడం. 1975లో లెన్ వీన్, డేవ్ కాక్‌రమ్ కొత్త జట్టు కట్టినప్పుడు అందులోకి జర్మనీ నుంచి, రష్యా నుంచి, ఐర్లాండ్, జపాన్, కెనడాల నుంచి మనుషులొచ్చారు. కైరో వీధుల్లో పెరిగిన, వాతావరణాన్ని శాసించే స్టార్మ్ వచ్చింది. పరాయి దేశంలో ఒకే కప్పు కింద బతకడం నేర్చుకునే వలస పిల్లల కథ అది. విదేశాల్లో మన తెలుగు సంఘాల్లో పెరిగే పిల్లలకి ఇది వేరే చెప్పాలా? 2000లో కోల్‌కతా కుర్రాడు నీల్ షారా కూడా వచ్చాడు కామిక్స్‌లోకి. ఏ సినిమా అతన్ని తాకలేదు.

దర్శకుడిగా ప్రకటించిన జేక్ ష్రైయర్ మీద నాకు కొంత నమ్మకం ఉంది. 2025లో ఆయన తీసిన మార్వెల్ సినిమా 'థండర్‌బోల్ట్స్' చివర్లో విలన్‌ని కొట్టి కాదు, పట్టుకుని కౌగిలించుకుని ఆపుతారు. 'బీఫ్' సిరీస్‌లో చాలా ఎపిసోడ్లు ఆయనవే, మనుషుల మధ్య కోపం ఎలా పేరుకుంటుందో తెలిసినవాడు. అయితే మంచి సినిమా తీయడం ఒక్కటే సరిపోని రోజులివి. 'ఫెంటాస్టిక్ ఫోర్: ఫస్ట్ స్టెప్స్' శక్తులొచ్చిన కథని ఒక టీవీ షోలా నిమిషాల్లో ముగించి, తెలివిగా ముందుకు వెళ్లింది. అయినా అమెరికాలో రెండో వారాంతం వసూళ్లు 66 శాతం పడిపోయాయి. ప్రీమియర్ షోల లెక్కలు నోటికొచ్చిన మన తెలుగువాళ్లకి ఆ అంకె అర్థం ఇట్టే తెలుస్తుంది: ఫ్యాన్స్ మొదటి మూడు రోజుల్లో వచ్చేశారు, పక్కింటివాళ్లని తీసుకురాలేకపోయారు.

పక్కింటివాళ్లని తెచ్చే కిటుకు 2024లో 'ఎక్స్-మెన్ 97' కార్టూన్ చూపించింది. 10 ఎపిసోడ్లే. ఐదోదాంట్లో మ్యూటెంట్ల దేశం జెనోషా నేలమట్టమవుతుంది, జట్టులోని గ్యాంబిట్ చనిపోతాడు. పెద్దవాళ్లు కళ్లు తుడుచుకున్నారంటే, అంతకుముందు నాలుగు ఎపిసోడ్లలో ఆ మనుషులు అన్నాలు తిన్నారు, బాస్కెట్‌బాల్ ఆడారు, అలిగారు, ప్రేమించుకున్నారు. రెండు గంటల సినిమాలో ఫైట్లకి నలభై నిమిషాలు, టైటిల్స్‌కి పది తీసేస్తే మిగిలేది డెబ్భై. పదిమందికి పంచితే మనిషికి ఏడు. ఐదుగురికి పంచితే పద్నాలుగు. జట్టు పరిచయ పోస్టర్‌లో ఎన్ని ముఖాలున్నాయో లెక్కపెడితే సినిమా ఎలా ఉంటుందో సగం తెలిసిపోతుంది.

అప్పటిదాకా ఇంట్లో పిల్లలకి పాతవి చూపించాలనుకుంటే 2000 నాటి మొదటిది, 2003 నాటి రెండోది, 'ఫస్ట్ క్లాస్', 'డేస్ ఆఫ్ ఫ్యూచర్ పాస్ట్', ఈ వరసలో నాలుగూ చాలు. మొత్తం ఎనిమిదిన్నర గంటల లోపే. 'లోగన్' గొప్ప సినిమా, కానీ ఆర్ రేటింగ్ (పెద్దవాళ్ల సినిమా అన్న అమెరికా ముద్ర), రక్తం ఎక్కువ. డెడ్‌పూల్ మూడూ అంతే, పెద్దవాళ్లకే. 'డార్క్ ఫీనిక్స్'కి పెట్టే 114 నిమిషాల్లో 'ఎక్స్-మెన్ 97' మొదటి మూడు ఎపిసోడ్లు హాయిగా అయిపోతాయి.