సర్పి లేస్తే కాన్సర్ వస్తుందన్న ఆ ఫార్వర్డ్ సంగతి

మా ఎంవీపీ కాలనీ అపార్ట్‌మెంట్ గ్రూపులో తిరిగి తిరిగి అక్కయ్యపాలెంలో పిన్ని ఫోన్ దాకా చేరింది ఆ మెసేజ్. టూకీగా ఇదీ: హెర్పిస్ వైరస్ ఒంట్లో ఉంటే కాన్సర్ ఖాయం, గర్భాశయ ముఖద్వార కాన్సర్‌కి అదే కారణమని నోబెల్ వచ్చిన జర్మన్ సైంటిస్టు హరాల్డ్ జుర్ హౌజెన్ నిరూపించాడు, అది దాచిపెట్టి ఆడపిల్లలకి ఇంకేదో వ్యాక్సిన్ అమ్ముతున్నారు.

ఇలాంటివి రోజుకి పది వస్తాయి, ఊరుకుందామనుకున్నా. కానీ పోయిన నెల పిన్నికి నడుముకి ఎడమ పక్కన సర్పి లేచింది, అదీ ఒక రకం హెర్పిసే. తలా తోకా కలిస్తే ప్రాణం పోతుందన్న పాత భయానికి ఈ కాన్సర్ టెన్షన్ తోడై, డాక్టర్ దగ్గరికి పోకుండా ఏదో ల్యాబ్‌లో ప్యాకేజీ టెస్టులు చేయించుకుంది. రిపోర్టులో హెర్పిస్ యాంటీబాడీ ‘పాజిటివ్’ అని చూసి రెండు పూటలు అన్నం ముట్టలేదు. ఆ మాటకి అర్థం, ఆ వైరస్ ఎప్పుడో ఒకప్పుడు ఒంట్లోకి వచ్చిందని, అంతే. సర్పికి మందు పొక్కులు లేచిన మూడు రోజుల్లోపు మొదలుపెడితే బాగా పని చేస్తుంది, ఆవిడ డాక్టర్ దగ్గరికి వెళ్లింది ఆరో రోజున.

‘కాన్సర్ ఖాయం’ అన్నది ముందు చూద్దాం. హెర్పిస్ అంటే ఒక వైరస్ కాదు, కుటుంబం. అందులో ఒకటైన, చిన్నప్పుడు ఆటలమ్మ పోసిన వైరసే నరాల్లో నిద్రపోయి పెద్దయ్యాక సర్పిగా లేస్తుంది. ఒక నరం దారినే వస్తుంది కాబట్టి మామూలుగా ఒంటికి ఒక పక్కనే ఉంటుంది, తలా తోకా కలవడం ఎక్కడిది? కాన్సర్ చికిత్సలో రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకి సర్పి ఎక్కువగా వస్తుంది, ఫార్వర్డ్ రాసినాయన దాన్ని తలకిందులు చేశాడు. ఈ కుటుంబంలో కాన్సర్‌తో సంబంధం రుజువైనవి రెండు. ఒకటి ఎప్‌స్టీన్-బార్, ఇంకొకటి 1994లో దొరికిన కపోసీ సార్కోమా వైరస్. ఎప్‌స్టీన్-బార్ ప్రపంచంలో పెద్దవాళ్లలో 90 శాతానికి పైగా ఉంది. ఉంటే ఖాయమే అయితే ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి భీమిలి బస్సెక్కినవాళ్లలో ఎవరూ మిగలకూడదు. ఆఫ్రికా పిల్లల్లో బర్కిట్ లింఫోమా అనే కాన్సర్ రావడానికి కూడా ఈ వైరస్ ఒక్కటే చాలదు, మళ్లీ మళ్లీ వచ్చే మలేరియా లాంటివి తోడవ్వాలి.

ఇక జుర్ హౌజెన్. నాకు బాగా ఒళ్లు మండింది ఇక్కడే. ఆయన మొదట పని చేసింది హెర్పిస్ కుటుంబం మీదే. 1960ల్లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో, వైరస్‌ల మీద పని చేసే హెన్లే దంపతుల ల్యాబ్‌లో ఉన్నాడు, తర్వాత జర్మనీకి వెళ్లి బర్కిట్ కణితి కణాల్లో ఎప్‌స్టీన్-బార్ డీఎన్ఏ ఉందని 1970లో చూపించాడు. ఆ రోజుల్లో గర్భాశయ ముఖద్వార కాన్సర్‌కి హెర్పిస్ సింప్లెక్స్ టైప్ 2 కారణమని చాలామంది నమ్మారు, ఎందుకంటే ఆ రోగుల రక్తంలో దాని యాంటీబాడీలు ఎక్కువగా కనిపించేవి. ఈయన రక్తాన్ని వదిలేసి కణితిలోనే వెతికాడు. బర్కిట్‌లో వైరస్ డీఎన్ఏ పట్టిన పద్ధతితోనే ఇక్కడా వెతికితే హెర్పిస్ దొరకలేదు. సమావేశాల్లో ఆ మాట చెబితే పెద్దగా ఎవరికీ రుచించలేదు. అప్పుడు పులిపిర్లు పుట్టించే పాపిలోమా వైరస్ మీదికి మళ్లి, 1983లో దాని 16వ రకాన్ని, మరుసటేడు 18వ రకాన్ని ఆయన బృందం కణితుల్లోంచే పట్టింది. ఈ కాన్సర్‌లో దాదాపు 70 శాతానికి ఆ రెండే కారణం. 2008లో నోబెల్ వచ్చింది దీనికే. హెర్పిస్ టైప్ 2, ఈ పాపిలోమా రెండూ ఎక్కువగా శృంగారం ద్వారానే సోకుతాయి కాబట్టి ఒకే మనిషిలో రెండూ కనబడేవి, అందరూ హెర్పిస్‌ని పట్టుకుని కూర్చున్నారు. అంటే ఫార్వర్డ్‌లో ఏ మాటకి ఆయన పేరు వాడుకున్నారో, ఆ మాట తప్పని చూపించిన మనిషే ఆయన!

దాచిపెట్టారంటారా? ఎప్‌స్టీన్ బృందం బర్కిట్ కణితి కణాల్లో దొరికిన తమ వైరస్ గురించి 1964లోనే లాన్సెట్ పత్రికలో అచ్చేసింది. ఇదేం దాచడమో మరి.

వ్యాక్సిన్ ఆ పాపిలోమా వైరస్‌కే, ‘ఇంకేదో’ కాదు. పిన్ని కూతురికి పదమూడేళ్లు, ఫార్వర్డ్ చూసి ఆ టీకా వద్దనేశారు. మొన్న ఆదివారం వెళ్లి ఈ కథంతా చెప్పాను. పిన్ని నడుం పట్టుకుని, ఇంకా మంట తగ్గలేదంటూనే, ‘ఆ డాక్టర్ గారు సాయంత్రం ఎన్నింటికి కూర్చుంటారు?’ అని అడిగింది.