రోమాలు నిక్కబొడిస్తే పక్కన ‘శక్తి’ ఉన్నట్టా?

మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఆ సందేశం ఈ నెలలో మూడోసారి తిరిగొచ్చింది. కారణం లేకుండా రోమాలు నిక్కబొడుచుకుంటే కంటికి కనబడని శక్తి మనల్ని తాకినట్టట. అది ఒంట్లోని విద్యుత్తును కదిలిస్తుందట. పాట వింటే ఒళ్లు గగుర్పొడిచేవారికి మెదడే వేరట. ‘సైన్స్ కూడా ఒప్పుకుంది’ అని చివర ఒక ముద్ర.

ముందు విద్యుత్తు సంగతి. పొడి తల దువ్విన ప్లాస్టిక్ దువ్వెనను ముంజేతి దగ్గరకు తెచ్చి చూడండి. రోమాలు లేస్తాయి, నిజమే. కానీ చర్మం నున్నగానే ఉంటుంది, ఒక్క బొడిపె రాదు. ఇప్పుడు వీపు మీద చెంబెడు చన్నీళ్లు కుమ్మరించుకోండి. చేతులు ఈకలు పీకిన కోడి చర్మంలా తయారవుతాయి. దువ్వెన రోమాన్ని బయటి నుంచి లాగింది. చన్నీళ్లకు లోపలి కండరం లాగింది. రోమం కుదురుకు ఏటవాలుగా అతుక్కుని ఉండే సన్నని కండరం అది. మన ప్రమేయం లేకుండా పనిచేసే సింపథెటిక్ నాడి నార్అడ్రినలిన్ అనే రసాయనం వదలగానే బిగుసుకుంటుంది. వాలి ఉన్న రోమం నిలబడుతుంది, చుట్టూ చర్మం ఉబుకుతుంది. నున్నగా గొరిగిన చేతి మీద కూడా బొడిపెలు వచ్చేది అందుకే. (ఆరుబయట ఉరుముల వేళ తల వెంట్రుకలు లేస్తే మాత్రం అది విద్యుత్తే. ఫోను చూస్తూ నిలబడకుండా పక్కా భవనంలోకి పరుగెత్తండి.)

ఇక ‘కారణం లేకుండా’ అన్న మాట. ఆ నాడి మన ఆజ్ఞ కోసం ఆగదు. చలికీ, భయానికీ, పాటకూ పలికేది అదే. కార్తీకంలో తెల్లవారుజామున గోదావరిలో మునిగిన భక్తుడి ఒళ్లు పులకరిస్తే, అందులో చలి వాటా ఎంతో, భక్తి వాటా ఎంతో చర్మం చూసి ఎవరూ చెప్పలేరు. భక్తిని తక్కువ చేయడం లేదు. రోమాంచాన్ని ఎనిమిది సాత్త్విక భావాల్లో (మనసులోని భావం ఒంటి మీద తెలిసే గుర్తుల్లో) చేర్చిన నాట్యశాస్త్రమే దానికి స్పర్శ, భయం, చలి, హర్షం, కోపం, రోగం కారణాలని చెప్పింది. కనబడని శక్తి ఆ జాబితాలో లేదు.

‘వేరే మెదడు’ మాటకు మూలం 2016 నాటి ఒక అధ్యయనం. అందులో పాల్గొన్నది 20 మంది. పాటకు గగుర్పొడిచే పదిమందిలో వినికిడి భాగానికీ, భావోద్వేగాల భాగాలకూ మధ్య నాడీ తంతువులు ఎక్కువగా కనిపించాయి. అంతే. వాళ్లు మనకంటే ఉన్నతులని ఎవరూ తేల్చలేదు.

మా మేనల్లుడు ఇంకో కొసకు వెళ్లి, ‘అదంతా కోతుల కాలం నాటి పనికిరాని అవశేషం’ అని జవాబు పెట్టాడు. పిల్లికి బొచ్చు నిక్కితే వెచ్చదనం దక్కుతుంది, ఒళ్లూ పెద్దదిగా కనబడుతుంది. మన పలుచని రోమాలకు ఆ రెండూ దక్కవు. అంతవరకు సరే. కానీ 2020లో ఎలుకల మీద జరిగిన పరిశోధనలో అదే నాడి రోమకూపంలో కొత్త వెంట్రుకను పుట్టించే మూలకణాలకూ చేరుతుందని, దాన్ని అక్కడ పట్టి ఉంచేది ఈ కండరమేనని తేలింది. చలి చాలా రోజులు సాగితే కొత్త వెంట్రుకలు మొలుస్తాయి. ఇవి ఎలుకలు. దీన్ని బట్టతలకు చన్నీళ్ల వైద్యంగా మార్చి మళ్లీ గ్రూపులో పెట్టవద్దని మనవి.