కోడి ఈకల కవర్లో సాంబారు ఆగదు

ఆదివారం పొద్దున చెన్నైలోని మా క్రోంపేటలో ఏ చికెన్ షాపు వెనక చూసినా ఒక నీలం డ్రమ్ము. అందులో ఈకలు, పేగులు. ఆ ఈకల్లో దాదాపు 90 శాతం కెరటిన్ అనే ప్రొటీనే. దాంతో ప్లాస్టిక్ చేయొచ్చని, పాలిథిన్ బెడద తీరుతుందని కొందరి ఉత్సాహం. మొదటి మాట నిజమే. నా పేచీ రెండోదానితో.

ఈ రకం ప్లాస్టిక్ కొత్తదేం కాదు. పాలలోని కేసీన్‌ను ఫార్మాల్డిహైడ్‌తో గట్టిపరిచి గాలాలిత్ అనే ప్లాస్టిక్ చేసింది 1897 ప్రాంతంలోనే. కోటు గుండీలు చాలాకాలం దాంతో వచ్చాయి. ఈకలైతే ముందు కెరటిన్‌ను బిగించి ఉంచే గంధకపు బంధాలు విడగొట్టాలి, గ్లిజరిన్ కలపాలి, వేడిచేసి నొక్కాలి. గ్లిజరిన్ తగ్గితే అప్పడంలా విరుగుతుంది, ఎక్కువైతే గాలిలో తేమకే సాగిపోతుంది. చెన్నైలో ఉప్పే డబ్బాలో ముద్దకడుతుంది. ఇక ఆ కవర్లో వేడి సాంబారు పోస్తే ఇల్లు చేరేలోపు చొక్కా మీదే.

తోళ్ల వ్యర్థాలదీ అలాంటి కథే. తెనాలి దగ్గర యలవర్రులో పుట్టిన నాయుడమ్మగారు డైరెక్టర్‌గా పనిచేసిన తోలు పరిశోధన సంస్థ ఇక్కడి అడయార్‌లోనే ఉంది. టన్ను పచ్చితోలుకు చేతికొచ్చే తోలు 200-250 కిలోలే. మిగిలిన దాంట్లో కొల్లాజెన్ అనే ప్రొటీన్ బోలెడు. కానీ తోలు కుళ్లకుండా క్రోమ్ (క్రోమియం లవణం) పట్టించాక రాలిన పొట్టులో క్రోమియం ఉంటుంది, దాన్ని తీయకుండా మట్టిలో కలపలేం. మా పేటకు పేరిచ్చిన క్రోమే ఇక్కడ అడ్డం! క్రోమ్ పట్టకముందు కోసిన ముక్కలకేమో జిగురు, జెలటిన్ వాళ్లు ముందే కాచుకుని ఉన్నారు. ఈకల పొడి కూడా దాణాలోకి పోతూనే ఉంది. చెత్త కదా, ఊరికే వస్తుందనుకుంటే పొరపాటు.

తడికి కరగడమే దీని గుణమైతే, ఆ గుణం కావలసింది పొలంలో. కడియం నర్సరీ మొక్క కొంటే నల్ల సంచిని బ్లేడుతో కోసి పారేస్తాం. మిరప తోటలో మట్టి మీద పరిచే ప్లాస్టిక్ మల్చింగ్ షీటు చిరిగి ఏళ్ల తరబడి మట్టిలోనే ఉంటుంది. ప్రొటీన్‌లో 16 శాతం దాకా నత్రజని. అలాంటి ప్రొటీన్ సంచితో సహా నాటితే మొక్కకే ఎరువు. సరుకులు మోయడానికంటారా, తమిళనాడు 2019 జనవరి 1న ప్లాస్టిక్ క్యారీబ్యాగులు నిషేధించింది, పసుపు గుడ్డ సంచి ఉండనే ఉంది.

అసలు చిక్కు డ్రమ్ము దగ్గరే. స్కిన్‌లెస్ అడిగితే ఈకలు చర్మంతో కలిసే ఊడివస్తాయి. పేగులతో కలిస్తే మధ్యాహ్నానికే కుళ్లు. ఈకలు వేరే డ్రమ్ములో వేయొచ్చు కదా అని మా షాపతన్ని అడిగాను.

"రెండో డ్రమ్ము ఎక్కడ పెట్టమంటారన్నా, రోడ్డు మీదా?" అన్నాడు కత్తి ఆపకుండా.